దొడ్డి కడిగిన దొడ్డమ్మ

మా దొడ్డమ్మ పోయింది. పోయిన వారం తెల్లవారుతుండగా ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసి, "అమ్మ లేవట్లేదే, ఒకసారి రా" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు విషయం అర్థమైంది. పక్క వీధే కాబట్టి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి అన్నయ్య మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆవిడ పాదం ఒకటి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ముఖం మాత్రం, ఎవరో ఏదో తెలివితక్కువ మాట అంటే నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది.

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. మా అమ్మకు సొంత అక్క. పెద్దమ్మను మా ఇళ్ళలో దొడ్డమ్మ అంటారు. దొడ్డ అంటే పెద్ద, గొప్ప. ఇక దొడ్డి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఈ రెండు మాటలూ మా దొడ్డమ్మ దగ్గర కలిసిపోయాయి. వీధిలో వాళ్ళు ఆవిడను వెనకాల "దొడ్డి కడిగే దొడ్డమ్మ" అనేవాళ్ళు. ముందు వెనకాలే అన్నారు గానీ, అది ఆవిడ చెవిన పడి "బాగుందే, ప్రాస కూడా కుదిరింది" అని ఆవిడే మురిసిపోయాక ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. కాబట్టి చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. ఇందులో మరుగుదొడ్డి కబుర్లే ఎక్కువ. ముక్కు మూసుకోవాలనుకునేవాళ్ళు మూసుకోండి. అవి తీసేస్తే మా దొడ్డమ్మ గురించి రాయడానికి సగం మిగలదు.

తిరువూరులో ఒక చిన్న రామాలయం అర్చకుల ఇంటికి ఆవిడ కోడలిగా వచ్చింది. అప్పట్లో దొడ్డి పెరటి చివర ఉండేది. దాన్ని శుభ్రం చేయడానికి ఒకామె వచ్చేది. ఆమెకు నీళ్ళు కూడా ఎత్తునుంచి పోసేవారట. ఒక రోజు ఆమె ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చింది. దొడ్డమ్మ ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చీపురు తను అందుకుంది. అత్తగారు గగ్గోలు పెట్టారు. "మన మురికి మనం కడుక్కుంటే మనకేం మైలండీ?" అందట కొత్తకోడలు. ఆ మాట మీద ఇంట్లో చాలా రోజులు మాటలు లేవు. చివరికి ఒప్పందం కుదిరింది. పొద్దున లేవగానే దొడ్డి కడగాలి, తర్వాత తలమీంచి స్నానం చేయాలి, ఆ తర్వాతే వంటింటి గడప తొక్కాలి. దొడ్డమ్మ అలాగే అంది. అత్తగారు పోయినా, దొడ్డి పెరటి చివరినుంచి ఇంట్లోకి వచ్చినా, ఆ వరస మాత్రం మారలేదు.

నేను మళ్ళీ తిరువూరు చేరింది పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరుగా. అద్దెకు దొరికిన ఇల్లు బాగానే ఉంది గానీ, బాత్రూమ్‌లో దొడ్డి బేసిన్ చూస్తే ఏడుపొచ్చింది. గోధుమరంగు చార పైనుంచి కిందకి గడ్డంలా వేలాడుతోంది. అంచుచుట్టూ సున్నం గట్టిగా పేరుకుపోయింది. మా వీధిలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బకెట్ నాలుగు రోజులు తోమకపోతే ముగ్గు వేసినట్టు తెల్లబడుతుంది. నేను బజారుకు వెళ్ళి యాసిడ్ సీసా కొనుక్కుని వస్తుంటే దొడ్డమ్మ గేటు దగ్గరే పట్టుకుంది.

"ఏంటే ఆ సీసా?"

"యాసిడ్ దొడ్డమ్మా. ఈ దెబ్బతో తెల్లగా అయిపోవాలి."

"అవుతుంది. దాంతోపాటు నునుపూ పోతుంది. నునుపు పోయినచోట మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కిచ్చెయ్యి పో."

నాకు సహజంగానే కోపం ఎక్కువ. డబ్బులిచ్చి కొన్నాక వెనక్కి ఎలా ఇస్తారని వాదించాను. ఆవిడ వాదించలేదు. సీసా లాక్కుని కొంగు కింద పెట్టుకుని, నాకంటే ముందు మా ఇంట్లోకి నడిచింది. బేసిన్ ముందు గొంతుక్కూర్చుని, పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినావిడలా తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పాచి కాదు, గార. పాచి వేరు, గార వేరు, తుప్పు వేరు. పాచి అయితే బ్రష్ చాలు. గారకు పులుపు కావాలి, ఓపిక కావాలి. ఈ గోధుమరంగు చార తుప్పు. పైన ట్యాంకు కారుతోంది చూడు, సన్నగా. ముందు కారేది ఆపించు, తర్వాత తోము. లేకపోతే జీవితాంతం తోముతూనే ఉంటావు."

ప్లంబర్ వచ్చి వాషరు మార్చాక అసలు వైద్యం మొదలైంది. మగ్గుతో నీళ్ళు గబగబా గుమ్మరించి, బ్రష్‌తో నెట్టి, బేసిన్‌లో నిలిచిన నీటిని కిందకి దింపించింది. "నీళ్ళల్లో పులుపు వేస్తే చారవుతుంది గానీ మందవదు" అంది. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కరిగించి, పాత నూలు గుడ్డ అందులో ముంచి, మరకమీద పట్టు వేసినట్టు పరిపించింది. నేను బ్రష్ పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావు? వెళ్ళి వంట చేసుకో. కాపలా కాస్తే గార పోదు."

వంటయ్యాక గుడ్డ తీసి తోమితే కొంచెం పోయింది. కొంచెమే. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. వంటసోడా కూడా అదే గిన్నెలో కలిపేస్తానంటే నవ్వింది. "పొంగు చూసి మురిసిపోతావేమో. పొంగు చల్లారాక రెండూ ఉత్తి నీళ్ళే. పులుపు పని పులుపును చెయ్యనీ. కడిగేశాక చివర్లో సోడా అద్ది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు." అలా రుద్దుతూ రుద్దుతూ ఉంటే ఒక ఆదివారం మధ్యాహ్నం లోపలినుంచి తెలుపు బయటపడింది. నేను చిన్నపిల్లలా కేకపెట్టాను. బోర్డుమీద ఎంత పెద్ద లెక్క తేలినా నాకు అంత సంతోషం కలగలేదు, నిజం.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ హాస్యమాడేది కాదు. బ్లీచింగ్ పౌడర్ ఒక మూల, యాసిడ్ మరో మూల, రెండూ కలవకూడదు. ఒకసారి ఎదురింటి కోడలు తొందరలో ఒకదానిమీద ఒకటి పోసి, దగ్గుతూ కళ్ళు కనబడక తలుపు గడియ కోసం తడుముకుంటుంటే, దొడ్డమ్మే వెళ్ళి ఆమె జబ్బ పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. ఆమె తేరుకునేదాకా పక్కనే కూర్చుని వీపు రాసింది. ఆమె తేరుకున్నాక తిట్టిన తిట్లు మాత్రం వీధి చివరిదాకా వినిపించాయి.

వత్తుల సంగతి చెప్పకపోతే అన్నయ్య కూడా క్షమించడు. బేసిన్ అంచు కింద, కంటికి కనబడని చోట గార దాక్కుంటుంది. అక్కడ గుడ్డ నిలవదు. అందుకని దొడ్డమ్మ లావు లావు పత్తి వత్తులు చేసి, పులుపులో ముంచి అంచు కింద దోపేది. అర్చకుల ఇల్లు కదా, వత్తులు చేయడం చేతికి అలవాటు. గుడికి సన్నవి, దొడ్డికి లావువి. దేవుడి వత్తులు దేవుడి గూట్లో, దొడ్డి వత్తులు బాత్రూమ్ బయట అలమారలో ప్లాస్టిక్ డబ్బాలో ఉండేవి. ఒక కార్తీకమాసంలో అన్నయ్య గుడినుంచి వచ్చి భోజనానికి కూర్చుని, "ఈసారి వత్తులు భలే చేశావమ్మా. ఆకాశదీపం అంత గాలికి కూడా ఆరలేదు" అన్నాడు.

దొడ్డమ్మ వడ్డిస్తున్న గరిటె ఆగింది. "ఏ డబ్బాలోవిరా?"

"గూట్లో అయిపోతే బయట అలమారలోవి తీసుకెళ్ళాను."

"ఓరి నాయనా, అవి దొడ్డి వత్తులురా!"

అన్నయ్య నోటిదాకా వచ్చిన ముద్ద విస్తట్లో పడింది. రాముడికి తెలిస్తే ఏమైపోతామో అన్నట్టు పైకి చూశాడు. దొడ్డమ్మకు నవ్వాగలేదు. గోడకు చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అవి ఇంకా దొడ్లోకి వెళ్ళలేదు కదరా పిచ్చివాడా. ముందు దేవుడి దగ్గరికే వెళ్ళాయి. వాటి పుణ్యం అలా ఉంది, మనం ఆపగలమా?" అంది. అన్నయ్య మాత్రం గుడికి వెళ్ళి సంప్రోక్షణ చేసి వచ్చాడు. కొన్నాళ్ళు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాడు కూడా.

అన్నయ్య తత్వం అలాంటిది. మడి విషయంలో తండ్రిని మించినవాడు. స్నానం చేసి, ఆరేసిన పంచె కట్టుకున్నాడంటే పూజ అయ్యేదాకా ఎవరూ తనను తాకకూడదు. తాకితే మళ్ళీ స్నానమే. పెళ్ళి కాలేదు. గుడి పని అనగానే సంబంధాలు వెనక్కి పోయేవి. చివరికి తల్లీకొడుకులే ఒకరికొకరు మిగిలారు. అన్నయ్య మడి కట్టుకుని హాల్లోంచి నడిస్తే, దొడ్డమ్మ చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని గోడవారగా ఒదిగేది. సొంత కొడుకుకు అంత దూరం జరగడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అనేశాను కూడా. "వాడి చేతులు నావి కాదే, స్వామివి" అంది, అదేదో మామూలు సంగతి అన్నట్టు.

నిరుడు వానల్లో ఆవిడ పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేయించి తీసుకొచ్చాం. ఇంట్లో పాత బేసిన్ తీయించి, కూర్చునే కమోడ్ పెట్టించాం. వాకర్ పట్టుకుని అక్కడిదాకా నడవగలిగేది గానీ, వంగడానికి లేదు. తిండి తింటోంది, కబుర్లు చెబుతోంది, కోలుకుంటోందనే అనుకున్నాం. కానీ మనిషి వాడిపోతూ వచ్చింది. పెదాలు పగిలాయి. చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టరు. "ఈవిడ అసలు నీళ్ళు తాగుతున్నారా? ఇలాగే ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి" అని మామీద కోప్పడ్డాడు.

తాగుతున్నారు డాక్టరుగారూ, మంచం పక్కన చెంబు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతోంది, అన్నాడు అన్నయ్య. నిజమే, ఖాళీ అవుతోంది. ఎలా అవుతోందో నాకు ఆ సాయంత్రం తెలిసింది. కిటికీ అవతల మల్లెమొక్క కుండీలో నీళ్ళు నిలిచి, మొక్క మొదలు కుళ్ళుతోంది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే ఏడుపు వచ్చేసింది. "మమ్మల్ని ఏం చేద్దామనుకుంటున్నావు దొడ్డమ్మా?" అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుంది. "తాగితే లేవాలి. లేచిన ప్రతిసారీ అది శుభ్రంగా ఉండదే. పెద్దదాన్ని, నా అదుపులో ఏదీ లేదు. నేను వంగి కడగలేను. మరెవరు కడగాలి? వాడా? పొద్దున్నే స్వామికి చందనం అద్దే చేతులే అవి."

"నేనున్నానుగా."

"నీకేం ఖర్మే?"

"నువ్వు ఇన్నేళ్ళూ చేసింది ఖర్మ అనుకునేనా?"

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. అందరి మురికీ ముఖం చిట్లించకుండా కడిగిన మనిషి, తన మురికి మరొకరి కంటపడితే చచ్చిపోయేంత సిగ్గుపడుతోంది. ఇది నాకు అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. ఆవిడకూ తట్టి ఉండదు.

మర్నాటినుంచి స్కూలుకు వెళ్ళేముందు, వచ్చాక నేను వెళ్ళడం మొదలుపెట్టాను. బతిమాలితే వినదని తెలుసు కాబట్టి వేరే దారి పట్టాను. బాత్రూమ్ గుమ్మం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి పెద్ద గ్లాసు నీళ్ళిచ్చి, కావాలనే బ్రష్‌తో పైపైన గీకేదాన్ని. ఆవిడ ఓర్చుకోలేకపోయేది. "అదేం తోమడమే, దువ్వుతున్నావా? అంచు కింద పట్టు. ఆ మూల వదిలేశావు." చెబుతూ చెబుతూ, ఆ ధ్యాసలో గ్లాసు ఎత్తి తాగేసేది. నేను చూడనట్టు మళ్ళీ నింపేదాన్ని. ఆవిడకు నా ఎత్తు తెలియదనుకోను. తెలిసే ఊరుకుని ఉంటుంది.

కానీ అది నేను వెళ్ళిన పూటకే. నేను వెళ్ళలేని రోజు మళ్ళీ పెదాలు ఎండబెట్టుకుని కూర్చునేది. అన్నయ్య తాను కడుగుతానంటే ఇంతెత్తున లేచింది. "నువ్వు ఆ గడపలో అడుగుపెడితే నేను అన్నం మానేస్తాను." నీళ్ళు ఎలాగూ మానేసింది, ఇక అన్నమూ మానేస్తే ఎలాగని అన్నయ్య నోరు మూసుకున్నాడు. ఒకరోజు వీధిలోకి వచ్చి నాతో, "గుళ్ళో అందరి తల్లుల ఆరోగ్యం కోసం అర్చన చేస్తానే. ఇంట్లో మా అమ్మ దాహం తీర్చలేకపోతున్నాను" అన్నాడు. అంత పెద్దమనిషి కళ్ళు తుడుచుకోవడం నేను అప్పుడే చూశాను.

తర్వాత జరిగిన ఒక రోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

మొన్న వేసవిలో, మామిడికాయ లారీలు రోడ్డునిండా తిరుగుతున్న రోజుల్లో, పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద నేను విజయవాడ వెళ్ళాల్సివచ్చింది. పొద్దున్నే వెళ్ళి, ఎండ తగ్గకముందే బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా దొడ్డమ్మ దగ్గరికి నడిచాను. గేటు తీస్తుంటేనే లోపల్నుంచి బ్రష్ చప్పుడు వినబడింది. ఆవిడే వంగిందనుకుని, సంచీ అరుగుమీద పారేసి లోపలికి పరుగెత్తాను.

దొడ్డమ్మ గుమ్మం ముందు కుర్చీలో ఉంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మధ్యాహ్నం కడుపు చెడిందట. కమోడ్, నేల అంతా పాడయ్యాయట. తనే శుభ్రం చేసుకోబోయి, వాకర్ జారి పడబోతుంటే, సాయంత్రం పూజకు మడి కట్టుకుని సిద్ధంగా ఉన్న అన్నయ్య చూశాడు. తల్లిని పట్టుకుని కడిగి, చీర మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి, తను లోపలికి వెళ్ళాడు.

నేను చూసేసరికి పట్టుపంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, జంధ్యం చెవికి చుట్టుకుని, కమోడ్ ముందు గొంతుక్కూర్చుని తోముతున్నాడు. పని తెలియని తోముడు. నేను చేయి చాపాను. తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఏడుపు మధ్యలోంచి దొడ్డమ్మ గొంతు వినబడింది.

"అంచు... అంచు కిందరా. లోపలివైపు."

"ఇక్కడామ్మా?"

"ఇంకొంచెం పైన. ఆఁ. గట్టిగా వద్దు, గీత పడుతుంది."

అంతా అయ్యాక అన్నయ్య నేలమీద నీళ్ళు పోసి తుడిచి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి తలమీంచి బకెట్లు గుమ్మరించుకున్నాడు. ఆరేసి ఉన్న వేరే పంచె కట్టుకుని, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా హాల్లోకి వచ్చాడు. అలవాటుగా నేను ఇటు జరిగాను. దొడ్డమ్మ కుచ్చిళ్ళు లాక్కోలేదు.

"ఇలా రా. తల వంచు."

"మడిలో ఉన్నానమ్మా."

"తెలుసు. రా."

అన్నయ్య వచ్చాడు. ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ళమీద కూర్చుని తల వంచాడు. దొడ్డమ్మ కొంగు తీసి ఆ తల తుడిచింది. ముందు మెల్లగా, తర్వాత చిన్నపిల్లవాడికి తుడిచినట్టు చెవుల వెనకాల, మెడమీద గట్టిగా తుడిచింది. "ఇంత నీళ్ళు వదిలేస్తే జలుబు చెయ్యదూ" అంది. అన్నయ్య లేవలేదు. గుడి తలుపులు తెరిచే వేళ దాటిపోతోందని ముగ్గురికీ తెలుసు.

కాసేపటికి అన్నయ్య లేచి, మళ్ళీ స్నానానికి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. దొడ్డమ్మ నావైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళు పట్రావే. పెద్ద గ్లాసుతో" అంది. నేను చేతికిస్తే తప్ప తాగని మనిషి తనే అడిగింది. నేను తెచ్చి ఇచ్చాను. తడిసిన కొంగు పిండుకోకుండా అలాగే ఒళ్ళో పెట్టుకుని, పెరట్లో రెండోసారి తలమీంచి నీళ్ళు పోసుకుంటున్న కొడుకును చూస్తూ, గ్లాసు అడుగంటేదాకా నిదానంగా తాగింది.